అర డాలరు రాతలు

ఇంట్లో కూర్చుని నెలకు లక్ష సంపాదించండి అనే ప్రకటన అమీర్‌పేట కరెంటు స్తంభాల మీద నుంచి ఫోన్లలోకి దూకి చాలా కాలమైంది. బ్లాగు పెట్టండి, యాడ్స్ పెట్టండి, మీరు పడుకున్నా డబ్బు పడుతూనే ఉంటుంది అంటారు. కోర్సు ఫీజు మాత్రం ముందే కట్టాలి. ఈ వ్యాపారంలో ఖాయంగా డబ్బు కళ్లజూసేది నేర్పేవాడేనని నా అనుమానం. ఆ అనుమానం పోగొట్టే మనిషి ఇంతవరకు ఎదురుపడలేదు.

అయినా అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం చూసి చూసి విసిగిన కుర్రాళ్లు, పిల్లలు బడికెళ్లాక కాస్త తీరిక దొరికే ఇల్లాళ్లు, రిటైరైన మాస్టార్లు. "కొత్తగా బ్లాగు పెడితే ఎంతొస్తుందండీ?" తీసిపారేయాల్సిన ప్రశ్న కాదిది. రాసినదానికి నాలుగు డబ్బులు ఆశించడం పాపమేమీ కాదు. ఉచితంగా రాస్తేనే సాహిత్య సేవ అనే మాట, ఇంట్లో జీతం వచ్చేవాళ్లు పుట్టించిందే.

తెలుగు బ్లాగులు జోరందుకున్నది 2006 ప్రాంతంలో. లేఖిని సైటులో తెలుగు టైపు చేసుకుని, బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే కూడలిలో తమ టపా కనబడితే చాలనుకున్న తరం అది. వాళ్లకు డబ్బు ధ్యాసే లేదని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటాం గానీ, అసలు దారంటూ ఒకటి ఉంటే కదా! పేజీల్లో యాడ్స్ పెట్టి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2003లోనే మొదలైనా, హిందీ పేజీలకు 2014 చివర్లో, తెలుగు పేజీలకు 2018లో గానీ తలుపు తీయలేదు. 2011 జనగణన ప్రకారం 8 కోట్ల 11 లక్షల మంది మాతృభాషకు పట్టిన ఆలస్యం ఇది. తలుపు తెరుచుకునేసరికి ఆ మొదటి తరంలో చాలామంది ఫేస్‌బుక్‌కు వెళ్లిపోయారు.

సరే, ఇప్పుడు తెరిచే ఉంది కదా, లోపలికెళ్తే ఏమవుతుంది? ముందు దరఖాస్తు. కొత్త బ్లాగులో పదో పన్నెండో వ్యాసాలుంటే, చాలాసార్లు 'తక్కువ విలువ గల కంటెంట్' అంటూ తిరుగు జవాబు వస్తుంది. మనసు చివుక్కుమంటుంది. ఆ మాట రాసింది యంత్రమని సర్దిచెప్పుకుని ఇంకొన్ని రాసి మళ్లీ పెట్టాలి. ఆమోదం వచ్చాక ఖాతాలో 10 డాలర్లు పోగైతే ఒక విచిత్రం జరుగుతుంది. ఇంత పెద్ద ఇంటర్నెట్ కంపెనీ మీ ఇంటికి పోస్టులో ఉత్తరం వేస్తుంది. అందులో ఆరంకెల పిన్ ఉంటుంది. నాలుగు నెలల్లో దాన్ని ఖాతాలో నమోదు చేయకపోతే యాడ్స్ ఆగిపోతాయి. డోర్ నంబర్లు వరసలో లేని ఊళ్లలో చిరునామా కింద 'రామాలయం ఎదురుగా' అని చేర్చి, పోస్ట్‌మ్యాన్‌కు ముందే ఓ మాట చెప్పి ఉంచుకోవాలి. ఉత్తరం వచ్చిందా, ఇక 100 డాలర్లు నిండేదాకా ఆగాలి. నిండిన తర్వాతి నెల 21కీ 26కీ మధ్య డబ్బు పంపుతారు.

ఈలోగా అసలు గండం బంధువుల నుంచి. "అన్నయ్యా, నీ యాడ్స్ రోజూ నొక్కుతున్నా, మా ఆఫీసులో వాళ్లచేత కూడా నొక్కిస్తున్నా" అని బాబాయి కొడుకు ప్రేమగా ఫోన్ చేస్తాడు. ఆ ప్రేమకే ఖాతా మూతపడుతుంది. ఒకే చోటు నుంచి ఒకే చెయ్యి నొక్కుతుంటే కనిపెట్టడం వాళ్లకు కష్టమేమీ కాదు.

ఇక లెక్క చూద్దాం. యాడ్ రేటు వేలంలో తేలుతుంది. పేజీ తెరుచుకునే ఆ రెప్పపాటులోనే ప్రకటనదారులు పాడుకుంటారు. బీమా, ఇంటి రుణం, అమెరికా లాయర్లు అంటే పాట పైకి పోతుంది. సాయంకాలం వాన మీద మీరు ప్రాణం పెట్టి రాసిన వ్యాసానికి పాడేవాడుండడు. చదివేది ఎవరన్నది కూడా లెక్కే. అదే వ్యాసాన్ని డల్లాస్‌లో చదివే తెలుగువాడి చూపు ఖరీదు, నల్గొండలో చదివేవాడి చూపు చవక. వెయ్యి వీక్షణలకు అర డాలరు వచ్చిందనుకుందాం. 100 డాలర్లు కావాలంటే 2 లక్షల వీక్షణలు. చేతికొచ్చేది సుమారు 9 వేల రూపాయలు. కథల పుస్తకం వేస్తే ఐదొందల ప్రతులు అమ్ముడుపోవడమే గగనమైన భాషలో, నెలనెలా 2 లక్షలసార్లు పేజీ తెరిపించాలి. అర డాలరు నా ఊహే, కాదనను. మీరు రెట్టింపు వేసుకోండి, లక్ష వీక్షణలు కావాలి. అదీ తక్కువేం కాదు.

అంత జనం దేనికి వస్తారు? పదో తరగతి ఫలితాలకు వస్తారు, హాల్ టికెట్లకు వస్తారు. రైతు భరోసా, అన్నదాత సుఖీభవ, తల్లికి వందనం, ఇందిరమ్మ ఇళ్లకు వస్తారు. అందుకే తెలుగులో ఏ పథకం పేరు వెతికినా ఒకే అచ్చులో పోసిన పేజీలు వరదలా వస్తాయి. ఒకదాన్ని తెరిచి చూడండి. పైన 'బిగ్ బ్రేకింగ్'. కింద యాడ్. 'రైతన్నలకు శుభవార్త' అని రెండు వాక్యాలు. మళ్లీ యాడ్. పథకం అంటే ఏమిటి, ఎవరు ప్రారంభించారు, లక్ష్యాలేమిటి అని అందరికీ తెలిసిన సంగతే నాలుగు పేరాలు. ఇంకో యాడ్. డబ్బు ఏ తేదీన పడుతుందో తెలుసుకోవాలంటే చివర్న ఆకుపచ్చ బటన్. అది నొక్కితే తేదీ ఉండదు, వాట్సాప్ గ్రూపు ఉంటుంది. ఖాతాలో డబ్బు పడిందో లేదోనని ఆత్రంగా వచ్చిన రైతు ఐదు నిమిషాలు స్క్రీను జరిపి, ఉత్త చేతులతోనే వెనక్కి పోతాడు. ఆ ఐదు నిమిషాలే బ్లాగరుకు రాబడి. తేదీ మొదటి వాక్యంలోనే చెప్పేస్తే రైతు వెళ్లిపోతాడు, కింది యాడ్లు ఎవరూ చూడరు. అర డాలరు బేరంలో చెప్పాల్సిన ముక్కను దాచడమే లాభం.

ఆ కుర్రాళ్లను మాత్రం తిట్టలేను. తప్పు అంతకన్నా పైన ఉంది. జీవోలు చాలావరకు ఇంగ్లిషులో, తరచూ స్కాన్ చేసిన కాగితాలుగా వస్తాయి. అర్హతలేమిటి, ఏ కాగితం ఎక్కడివ్వాలి అన్నది రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ తమ పోర్టళ్లలోనే మొదటి పేజీలో, చదవగలిగే తెలుగులో పెడితే, ఈ పేజీల వ్యాపారం చాలావరకు దానంతటదే మూతపడుతుంది. జనం కోరేది అన్యాయమైనదేమీ కాదు. సరుకే కల్తీ.

పైగా ఆ దారి కూడా ఇరుకవుతోంది. గూగుల్ 2024 మార్చిలో నిబంధనలు బిగించింది. వెతుకులాటలో పైకి రావడం కోసమే గంపలకొద్దీ పుట్టించే పేజీలను, మనిషి రాసినా యంత్రం రాసినా, స్పామ్‌గానే చూస్తామంది. అదే ఏడాది ఫలితాల పైన ఏఐ సమాధానాలు మన దేశంలోనూ మొదలుపెట్టింది. జవాబు పైనే దొరికితే కింద మీ పేజీకి వచ్చేదెవరు? 'అంటే ఏమిటి', 'ఎలా చేయాలి' తరహా రాతలతో ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవారికి ఇది గట్టి దెబ్బ.

మరి బ్లాగుతో డబ్బే రాదా? వస్తుంది, యాడ్ల వైపు నుంచి మాత్రం కాదు. నాకు తెలిసిన ఒకావిడ మిద్దె తోట గురించి రాస్తుంది. మిరపకు ఆకు ముడతొస్తే పుల్లటి మజ్జిగ ఎంత నీళ్లలో కలపాలి, కుండీ కింద చిల్లు ఎంత ఉండాలి, ఎండాకాలం పాలకూరకు నీడ ఎలా కట్టాలి, ఇవే ఆవిడ రాతలు. కొన్నాళ్లు యాడ్స్ పెట్టింది. మజ్జిగ వైద్యం పక్కనే పురుగుమందు యాడ్, దాని కింద లోన్ యాప్ యాడ్ వచ్చేవి. చిరాకు పుట్టి తీసేసింది. చదివేవాళ్లు ఎక్కువ లేరు. కానీ ఉన్నవాళ్లకు మిద్దె ఉంది, మొక్కల పిచ్చి ఉంది. "మా ఇంటికొచ్చి ఒక్కసారి చూడరా అమ్మా?" అని అడిగేవాళ్లు మొదలయ్యారు. ఇప్పుడు వెళ్లి చూసినందుకు ఫీజు తీసుకుంటుంది, నాటు విత్తనాల పొట్లాలు అమ్ముతుంది, ఆదివారాలు తరగతులు పెడుతుంది. బ్లాగు ఆవిడకు పైసా ఇవ్వదు. ఆవిడకు పని తెలుసన్న సంగతి మాత్రం ఊరందరికీ చెబుతుంది. అక్కడ వందమంది చాలు, 2 లక్షలు అక్కర్లేదు.

అనువాదకులకు, పన్ను లెక్కలు చూసేవాళ్లకు, సంగీతం మాస్టార్లకు ఇదే దారి. కథలూ వ్యాసాలూ తప్ప అమ్మడానికి మరేమీ లేనివాళ్ల సంగతి కష్టమే, ఒప్పుకుంటాను. వాళ్లకు మన పాత పత్రికల చందా పద్ధతే నయం. అప్పట్లో మనియార్డరు రాయడానికి పోస్టాఫీసుకు పోవాలి. ఇప్పుడు వ్యాసం చివర ఓ క్యూఆర్ కోడ్ పెట్టి, ఏడాదికి ఇంత అని అడిగితే సరి. అడగడానికి మొహమాటపడతారు మనవాళ్లు. యాభై రూపాయల కాఫీకి లేని మొహమాటం ఇక్కడెందుకో నాకు అర్థం కాదు. అడిగితే ఇచ్చేవాళ్లు కొద్దిమందే ఉంటారు. కానీ ఆ కొద్దిమంది తేదీ దాచమని అడగరు.

కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా, మొదటి ఏడాది యాడ్‌సెన్స్ దరఖాస్తు జోలికే పోవద్దని. నెలకు మూడొందలు వచ్చినా కన్ను దాని మీదే ఉంటుంది. ఏ వ్యాసానికి పైసలు రాలాయో చూసుకుని మళ్లీ అలాంటిదే రాయబుద్ధవుతుంది. ఆ ఏడాదిలో మిమ్మల్ని ఎవరు, ఏ సందేహంతో వెతుక్కుంటూ వస్తున్నారో కనిపెట్టండి. జనం రావడం మొదలయ్యాక కంపెనీలవాళ్లు కూడా వస్తారు. మిక్సీ పంపిస్తాం, వాడి నాలుగు మంచి మాటలు రాయండి అంటారు. తీసుకోవాలనుకుంటే తీసుకోండి. ఏడాదిలో ఒకే కంపెనీ ఇచ్చిన అలాంటి కానుకల విలువ 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ పడుతుందని 2022 జులై నుంచి నిబంధన ఉంది, గుర్తుంచుకోండి. మిక్సీ ఉచితంగా వచ్చిందన్న ముక్క వ్యాసం అడుగున చిన్నక్షరాల్లో కాకుండా మొదటి పేరాలోనే రాయండి.