తుమ్మకర్ర మందిరం

అనకాపల్లి నుంచి చోడవరం మీదుగా మాడుగుల వెళ్లే దారిలో, కొండలు దగ్గరయ్యే కొద్దీ మనసు తేలికపడుతుంది. అక్కడ కొండ దిగువన ఒక విశ్వాసి తన జీడితోటలో కొంత స్థలం మా సంఘానికి ఇస్తామన్నారు. ధ్యానానికి, ఉపవాస ప్రార్థనకు ఒక రిట్రీట్ కేంద్రం కట్టాలని సంఘం ఆశ. తెల్లవారకముందే జనానికి దూరంగా వెళ్లి తండ్రితో మాట్లాడిన ప్రభువును (మార్కు 1:35) వెంబడించేవారికి అది మంచి ఆశే.

అయితే కమిటీ ముందుకొచ్చిన ప్లాను చూశాక మాకు నిద్రపట్టలేదు. రెండంతస్తుల శ్లాబు, రెండు వందల మందికి హాలు, టైల్సు, జనరేటరు, నాలుగు వైపులా మైకులు! పట్నాన్నంతా మోసుకుపోతే ఇక అక్కడికి వెళ్లడం దేనికి? కర్రతో చిన్నగా కడదామన్నాము. చాలామంది సరేనన్నారు. అసలు చిక్కు అప్పుడే వచ్చింది. కొండ మీది కలప సగం ధరకే దించిపెడతానని ఒకాయన కబురు పెట్టాడు. బిల్లు ఉండదు, రవాణా పర్మిట్ ఉండదు. “దేవుని పనికే కదా అయ్యగారూ” అన్నాడు.

దేవుని పని గనుకనే కుదరదన్నాము. దొంగ కలపతో కట్టిన గదిలో మోకరించి ఏమని ప్రార్థిస్తాం?

ప్రియులారా, దేవుడు తానే ప్లాను ఇచ్చి కట్టించుకున్న మొదటి మందిరాన్ని ఒకసారి చూడండి (నిర్గమ 26). హెబ్రీలో షిట్టీమ్ అన్న కర్రను మన తెలుగు బైబిలు తుమ్మకర్ర అంది. అది సీనాయి ఎడారిలో దొరికే చెట్టు. మన పొలం గట్ల మీది నల్లతుమ్మకు దగ్గరి బంధువు. దేవుడు అరణ్యంలో ఉన్నవారిని దూరదేశపు కలప తెమ్మనలేదు, అక్కడ పెరిగేదే అడిగాడు. పలకలు 48. ఒక్కొక్కటి పది మూరల పొడవు, మూరన్నర వెడల్పు. ప్రతి పలక అడుగున రెండు కుసులు, వాటి కింద రెండు వెండి దిమ్మలు. అంటే కర్ర మట్టిని తాకదు. మన పాత పెంకుటిళ్లలో స్తంభం కింద రాతి దిమ్మ పెట్టింది కూడా చెమ్మకు, చెదకు భయపడే కదా! పలకల్ని కలిపి పట్టుకొనేవి ఉంగరాల్లో దూర్చిన అడ్డకర్రలు. మేఘం కదిలితే విప్పి మోసుకుపోయేవారు. వెనుక ఖాళీ నేల తప్ప ఏమీ మిగిలేది కాదు.

సొలొమోను మందిరం కథ వేరు. దేవదారుల కోసం ముప్పైవేల మందిని, నెలకు పదివేల చొప్పున లెబానోనుకు పంపాడు (1 రాజులు 5). ఆ అడవిని తరిగించింది ఆయన ఒక్కడే కాదు, ఐగుప్తు, అష్షూరు రాజులూ నరికారు. రెండో శతాబ్దం నాటికి రోమా చక్రవర్తి హాడ్రియన్ అక్కడి బండల మీద హద్దులు చెక్కించి చెట్లను కాపాడవలసి వచ్చింది. బైబిలు పొగిడిన ఆ వనాల్లో ఈనాడు అక్కడక్కడా తోపులే మిగిలాయి. అందులో ఒకదాన్ని 1998లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. అయినా సొలొమోను దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది. రాళ్లను ముందే సిద్ధం చేసి తెచ్చారు గనుక కట్టేచోట సుత్తి చప్పుడు వినబడలేదు (1 రాజులు 6:7). మేమూ కోతలన్నీ ఊళ్లోని వడ్రంగి శాలలోనే చేయించి, తోటలో బిగిస్తే చాలనుకుంటున్నాము.

దూరం పోనక్కర్లేదు. మన జిల్లాలోనే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. ఆ లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ బొమ్మకు ప్రాణమైన అంకుడు కర్ర దొరకడమే కష్టమై, మొక్కలు నాటుకోవలసి వచ్చింది. పిడికెడు బొమ్మకే అంత ఆలోచన కావాలంటే మందిరానికి ఎంత కావాలి?

అందుకే మా లెక్క ఇది. దూలాలకు పాత ఇళ్లు విప్పినప్పుడు దొరికే టేకు, వేప. వాసాలకు రైతులు పొలాల్లో పెంచి నాలుగైదేళ్లకు కోసే సరుగుడు. దానికి పురుగు పట్టకుండా బొరాక్స్, బోరిక్ ఆమ్లం పట్టించాలి. వానకు ఆ మందు కడుక్కుపోతుంది గనుక చూరు బాగా ముందుకు దించాలి. కింద రాతి దిమ్మలు. జీడిచెట్టు ఒక్కటీ కొట్టకూడదు, గదులే చెట్ల మధ్య సర్దుకోవాలి. ఇరవై మందికి మించి వద్దు. మైకు అసలే వద్దు, పక్కనే ఊరుంది, పసిపిల్లలుంటారు.

ఇంకా లోపలికి, అసలైన అడవిలోకి పోదామని యువకులు కొందరు అంటున్నారు. రిజర్వు అడవిలో కట్టాలంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. ఘాట్ ఎక్కితే పాడేరు ఏజెన్సీ. అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. ఆ చట్టానికి సందులు వెతకడం సంఘానికి తగదు. అడవిలో ప్రార్థించాలంటే నడిచి వెళ్లి, ప్రార్థించి, తిరిగి రావచ్చు. ఒంగోలులో 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, కొందరు తెలుగు విశ్వాసులు కొండెక్కి ప్రార్థించినప్పుడు తలమీద కప్పేమీ లేదు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు.

మొన్న వడ్రంగి మేస్త్రి నమూనాగా ఒక కుసి కోసి తెచ్చాడు. మేకు లేకుండానే గట్టిగా పట్టింది. మా ప్రభువు చేసిన పని ఇదే కదా అని కాసేపు దాన్ని చేతిలో తిప్పి చూసుకున్నాము. సరుగుడు కొన్నాక నీడన బాగా ఆరాలని, తొందరపడితే పగుళ్లిస్తుందని మేస్త్రి అన్నాడు. కమిటీలో కొందరికి క్రిస్మస్‌కే ప్రతిష్ఠ కావాలి. మేము మాత్రం మేస్త్రి పక్షమే.