సమ్మతి విడాకులు: సమ్మతి యెవరిది?

ఆలుమగలు ఒకరిపై నొకరు నేరము మోపుకొనక, ఇరువురును చేవ్రాళ్లు చేసిన ఒక్క అర్జీతో వివాహబంధము నుండి విడివడుటకు వీలు కల్పించుచు 1976వ సంవత్సరమున హిందూ వివాహ శాసనమున 13బి అను సెక్షను చేర్పబడినది. అంతకు ముందు, 1955 నాటి మూల శాసనము క్రింద, విడాకులు కోరువారు ఎదుటివారి వ్యభిచారమునో, మతాంతరమునో, మతిభ్రమణమునో, మానని రోగమునో న్యాయస్థానమున ఋజువు పరుపవలసి యుండెను. క్రూరత్వము సైతము ఆనాడు వేరుగా నుండుటకు డిక్రీ నిప్పించెనే గాని విడాకుల నిప్పింపలేదు. నేరము లేనిదే విముక్తి లేదన్న చోట నేరమును కల్పించువారును, దానికి సాక్ష్యము పలుకువారును పుట్టుకొని వచ్చుట వింత గాదు. ఆ దుస్థితిని తొలగించినది గనుక ఈ సెక్షనును మేము మేలైన శాసనముగనే యెంచుచున్నాము. అయినను శాసనము మేలైనంత మాత్రమున దానిని వినియోగించు రీతియు మేలైన దగునా? సూళ్లూరుపేట వంటి యూళ్ల స్థితిగతులను తలచినపుడు ఈ ప్రశ్న మమ్ము విడువకున్నది.

కాళంగి యొడ్డున చెంగాళమ్మ కొలువున్న ఈ పట్టణము 2022లో నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాకు మారినది. తూర్పున పులికాట్ సరస్సు, దాని కావల శ్రీహరికోట. దక్షిణమున చెన్నపట్టణము, అచ్చటికి లోకలు బండ్లు నడచుచున్నవి. పెండ్లి ఇచ్చట, కాపురము అచ్చట, ఉద్యోగము మరియొక చోట నగుట ఈ సరిహద్దు సీమలో సామాన్యము. కాపురము చెడి పుట్టినింటికి చేరిన స్త్రీ, భర్త యున్న యూరి న్యాయస్థానమునకే పోవలెనేమో యని జంకుట కలదు. ఆ జంకు నిష్కారణము. వివాహము జరిగిన చోట గాని, దంపతులు కడపట కలసి యున్న చోట గాని, ఎదుటి పక్షము నివసించు చోట గాని అర్జీ వేయవచ్చును. 2003లో వచ్చిన సవరణ వలన, భార్య అర్జీదారు అయినపుడు తాను నివసించు చోటనే వేసికొనవచ్చును. ఇంత చిన్న సంగతి ఊరిలో పదుగురికి తెలియకుండుట చేతనే తగవు న్యాయస్థానమునకు బోక పెద్దమనుషుల యొద్దకు బోవుచున్నది.

పెద్దమనుషుల పంచాయితిని మేము తృణీకరింపము. విరిగిన మనసుల నతికించిన పెద్దలును కలరు. కాని వారు స్టాంపు కాగితముపై వ్రాయించు విడాకుల పత్రము కాపురమును తెంచునా? తెలుగునాట పెక్కు కులములలో విడాకులును, మారుమనువును అనాదిగా నుండిన ఆచారములే. అగ్రవర్ణములవారు లోకువగా చూచిన ఈ ఆచారమునే తరువాతి కాలమున శాసనము అందరికిని హక్కుగా నిచ్చినదని మరువరాదు. 1955 శాసనపు 29వ సెక్షను అట్టి ఆచారమును నిలిపియే యుంచినది. అయితే తగవు వచ్చినపుడు, ఆ కులమున ఆ ఆచారము కలదని స్పష్టముగా చెప్పి ఋజువు చేయవలయునని సుప్రీముకోర్టు 2002లో తీర్పు చెప్పినది. ఋజువు కాకున్న ఆ పత్రము విలువ లేని కాగితమే. దానిని నమ్మి మరల పెండ్లాడినవారి రెండవ వివాహము చెల్లదు. పైగా నేర మగును. ఇందు మోసపోవునది యెక్కువగా రెండవసారి పెండ్లాడిన ఆడుది, ఆమె బిడ్డలు.

ఇచ్చట దుర్గాబాయమ్మగారిని తలపక యుండలేము. రాజమహేంద్రవరమున 1909లో పుట్టిన ఆమెకు ఎనిమిదవ యేటనే వివాహ మయ్యెను. యుక్తవయస్సు వచ్చిన పిదప ఆమె ఆ కాపురమునకు సమ్మతింపలేదు. తండ్రియు సోదరుడును ఆమెకు బాసటగా నిలిచిరి. ఆనాడు హిందూ స్త్రీకి సామాన్య శాసనమున విడాకులు లేవు. తగవు లేకుండ తొలగిన ఆ దంపతులకు శాసన మిచ్చిన సాయ మేమియు లేదు. ఆమె చదివి, జైలుకు పోయి వచ్చి, మరల చదివి, మదరాసున న్యాయవాది యై, రాజ్యాంగసభ సభ్యురాలయ్యెను. మన మదరాసు రాష్ట్రము 1949లో బహుభార్యాత్వమును నిషేధించి, విడాకులకు దారి తెరచిన శాసనమును చేసినది. దేశమంతటికిని వర్తించు హిందూ కోడు బిల్లు సాగకపోగా 1951లో అంబేడ్కరుగారు మంత్రిపదవిని వదలిరి. నాలుగేండ్లకు గాని వివాహ శాసనము రాలేదు. పరస్పర సమ్మతి విడాకులను 1954 నాటి ప్రత్యేక వివాహ శాసనము మొదటనే అంగీకరించినది గాని, శాస్త్రోక్తముగా పెండ్లాడినవారు అందుకై మరి యిరువది రెండేండ్లు వేచి యుండవలసి వచ్చినది!

ఇక నేటి పద్ధతి. దంపతులు ఏడాదికి తక్కువ గాక వేరుగా నుండి యుండవలెను. వేరుగా ననగా ఆలుమగల వలె కాపురము చేయక యుండుట. ఒక్క కప్పు క్రింద నున్నను వేరుగా నుండవచ్చునని సుప్రీముకోర్టు 1991లో చెప్పినది. కలసి యుండజాలమనియు, విడిపోవుటకు ఇరువురమును ఒప్పుకొంటిమనియు అర్జీలో వ్రాయవలెను. దాఖలైన ఆరు నెలలకు పిమ్మట, పదునెనిమిది నెలలకు లోపల, ఇరువురును మరల వచ్చి అదే మాట చెప్పవలెను. ఈ నడుమ ఏ యొక్కరైనను మనసు మార్చుకొని సమ్మతిని వెనుకకు తీసికొనవచ్చును. డిక్రీ వెలువడు వరకును సమ్మతి నిలిచి యుండవలయునని ఆ 1991 తీర్పే తేల్చినది. ఆరు నెలల గడువు తప్పనిసరి కాదనియు, వేరుపడి ఏడాదిన్నర గడచి, రాజీ యత్నములు విఫలమై, మనోవర్తి, బిడ్డల సంగతి తేలిపోయి యున్నచో న్యాయస్థానము దానిని తగ్గింపవచ్చు ననియు 2017లో సుప్రీముకోర్టు నిర్ణయించినది. 2023 మే నెలలో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము మరి యొక యడుగు ముందుకు వేసి, మరమ్మతు కాని రీతిగా చెడిన కాపురమును తాము 142వ అధికరణము క్రింద రద్దు చేయగలమని చెప్పినది. అది సుప్రీముకోర్టుకు మాత్రమే గల యధికారము. క్రింది కోర్టులో వారము దినములలో పని ముగింతునని మాట యిచ్చు దళారి ఈ తీర్పు పేరు చెప్పినచో పాఠకులు నమ్మవలదు.

వకీలు లేక ఈ పని జరుగదా? జరుగవచ్చును. 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల శాసనము, అచ్చటి వ్యాజ్యములందు న్యాయవాదిని పెట్టుకొనుట హక్కు కాదనియే చెప్పినది. కుటుంబ తగవులకు వేరు న్యాయస్థానములు కావలెనని 1953లో చైనా చూచి వచ్చిన పిదప నెహ్రూగారికి సూచించినవారు ఆ దుర్గాబాయమ్మగారే. అయితే అర్జీ వ్రాయుటకును, షరతులను తూచి చూచుటకును చదువరికైనను న్యాయవాది తోడు మేలు. మా యభ్యంతరము వకీలుపై గాదు, ఇరుపక్షములకు ఒకే వకీలు ఉండుటపై. తగవు లేని వ్యాజ్యము గదా, ఇద్దరు వకీళ్లేల, ఖర్చేల యందురు. అర్జీ వ్రాయించునది తరచుగా భర్త పక్షము. ఫీజు నిచ్చునది వారే. ఆంగ్లమున టైపైన అర్జీ, అఫిడవిట్టు ఆమె ముందు పరచి చేవ్రాలు చేయు చోటు చూపుదురు. అందు ఏడవ పేరాలోనో ఎనిమిదవ పేరాలోనో, తనకు రావలసిన దంతయు ముట్టినదనియు, ఇక ముందు మనోవర్తి కోరననియు నుండును. సారె సామాను, బంగారము, పసుపుకుంకుమల క్రింద తండ్రి యిచ్చిన భూమి యొక్క దస్తావేజు ఎవరి పెట్టెలో నున్నవో ఎవరును అడుగరు. బిడ్డకు తండ్రి పోషణ అక్కరలేదని తల్లి చేత వ్రాయించుట ఇంకను దారుణము. ఆ హక్కు బిడ్డది. తల్లి వదలుకొన్నంత మాత్రమున పోదు.

శాసనకర్తలు దీని నూహింపక పోలేదు. సమ్మతి బలాత్కారము వలన గాని, మోసము వలన గాని, అనుచితమైన ఒత్తిడి వలన గాని పుట్టినది కాదని న్యాయస్థానము తృప్తిపడిన పిదపనే డిక్రీ యివ్వవలెనని 23వ సెక్షనులో వ్రాసిరి. కాని పిలుపుల పట్టికలో పదుల కేసులున్న దినమున, "మీ యిష్టముతోనే గదమ్మా?" అని యొక్క ప్రశ్న, తల యూపుట యొక్క జవాబు: తృప్తి అంతటితో ముగియునేమో యని మా భయము. పుట్టినింటివారు ప్రక్కన నిలిచి, కట్టుకొన్నవాడు ఎదుట నిలిచి యుండగా ఆమె మరి యేమి చెప్పగలదు? న్యాయాధిపతి ఆమెను ఒంటరిగా, తెలుగున, తీరికగా పది నిముషములు ప్రశ్నించిన చాలును. మగవాని సమ్మతియు అన్ని వేళల స్వచ్ఛమైనదని మేము చెప్పము. కేసుల భయముతో సొమ్ము పోసి చేవ్రాలు చేసినవారును కలరు. వారిని కూడ అట్లే ప్రశ్నింపవలెను.

పత్రికలవారము మేము మా హద్దును కూడ చెప్పుకొనవలెను. ఈ వ్యాజ్యముల విచారణ రహస్యముగా జరుగవలెననియు, అందలి సంగతులను అచ్చువేయరాదనియు 22వ సెక్షను విధించుచున్నది. తప్పినచో వేయి రూపాయల వరకు జుల్మానా. జుల్మానా స్వల్పమే గాని నియమము సబబైనది. విడిపోయినవారి పేర్లను వీధి కెక్కించు పత్రికలకు ఈ వేయి రూపాయలు చాలవని మా యభిప్రాయము.

స్త్రీలకు, వారి రాబడి యెంతయని యడుగకయే ఉచిత న్యాయసహాయము లభింపవలెనని 1987 నాటి న్యాయ సేవల శాసనము చెప్పుచున్నది. ధనవంతుని కూతురైనను, కూలిదైనను అర్హురాలే. 15100 అను నెంబరుకు ఫోను చేసినను దారి చెప్పుదురు. అట్లుండగా, భర్త పెట్టిన వకీలు చేతికి తన బ్రతుకు నప్పగింపవలసిన యగత్యము ఏ యాడుదానికిని లేదు. మే మడుగునది కొత్త శాసనము గాదు. సమ్మతి అర్జీలో భార్యకు వేరు న్యాయవాది లేనిచో, న్యాయ సేవాధికార సంస్థ నుండి ఒక న్యాయవాది ఆమెతో మాటాడిన పిదపనే మొదటి వాయిదా జరుగవలెను. అర్జీని తెలుగున చదివి వినిపించితినని ఆ న్యాయవాది దానిపై వ్రాసి చేవ్రాలు చేయవలెను. బంగారము, సామాను, భూమి, బిడ్డల చదువు ఖర్చు, వీని పట్టీ అర్జీతో జతపడి యుండవలెను. సొమ్ము చేతికందినది రెండవ వాయిదా దినమున న్యాయాధిపతి యెదుటనే తేలవలెను. జిల్లా సంస్థవారు ఈ పనిని సూళ్లూరుపేట బస్టాండున తెలుగున వ్రాసిన ఒక్క బోర్డుతో మొదలుపెట్టవచ్చును.