ఏరు ఒక్కటే, ప్లానులు ఎవరివి వారివే

నందికొండల్లో పుట్టిన రెండు ఏళ్ళు మన తెలుగు ఇళ్ళకు బాగా తెలిసినవి. ఉత్తరంగా పోయి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసేది పెన్న. దక్షిణంగా దిగి, హోసకోట, సర్జాపుర ప్రక్కల మీదుగా బాగలూరు దగ్గర తమిళనాట అడుగుపెట్టేది దక్షిణ పినాకిని. తమిళంలో దాన్నే తెన్‌పెణ్ణై అంటారు. హోసూరు ప్రక్కన కెలవరపల్లి డ్యాములో నిలిచి, కృష్ణగిరి, సాత్తనూరు డ్యాములు దాటి కడలూరు దగ్గర సముద్రం చేరుతుంది.

వానాకాలం గట్టిగా పట్టి డ్యాము గేట్లు ఎత్తారంటే కెలవరపల్లి దిగువన నురుగు. మోకాలెత్తు, కొన్నిసార్లు మనిషెత్తు. పేపర్లో ఫోటో వస్తుంది, అధికారులు సీసాల్లో నీళ్ళు పట్టుకుపోతారు, మరుసటి ఏడు మళ్ళీ అదే ఫోటో. కారణం రహస్యమేమీ కాదు. బెంగళూరు మురుగులో పెద్ద భాగం బెళ్ళందూరు, వర్తూరు చెరువుల్లో పడుతుంది. వర్తూరు నిండి పొర్లిన నీరు చేరేది ఈ ఏట్లోకే. బెళ్ళందూరు చెరువు నురుగుకు నిప్పంటుకున్న వార్త 2017లో దేశమంతా చూసింది. 2018 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ కర్ణాటక ప్రభుత్వానికి 50 కోట్లు, బెంగళూరు మహానగర పాలికెకు 25 కోట్లు జరిమానా వేసింది. ఆ తీర్పులో చెప్పుకున్నదంతా చెరువుల గురించే. చెరువుకు దిగువన అదే నీళ్ళతో గులాబీ, టమాటా, కొత్తిమీర పండించే బాగలూరు, హోసూరు రైతు గోడు వేరే రాష్ట్రపు ఫైలు.

మా ఉద్యోగమంతా ఫైళ్ళ మధ్యనే గడిచింది కాబట్టి కాగితం ఎలా నడుస్తుందో కొంచెం చెప్పగలం. ఒక పంచాయతీకి పక్క పంచాయతీతో పని పడితే కాగితం గట్టు దాటి నేరుగా పోదు. యూనియన్ ఆఫీసుకు ఎక్కి అక్కడినుంచి దిగాలి. పంచాయతీకీ పట్టణానికీ పని పడితే శాఖలే వేరు, ఒకటి గ్రామీణాభివృద్ధి, ఇంకొకటి పురపాలకం. కాబట్టి కలెక్టరాఫీసు దాకా, ఒక్కోసారి చెన్నై దాకా ఎక్కుతుంది. ఎల్లకు అటువైపున్న ఆనేకల్ తాలూకాతో పని పడిందా, చెన్నైనుంచి బెంగళూరుకు పోయి, అక్కడినుంచి మెట్లు దిగుతూ రావాలి. హోసూరునుంచి అత్తిబెలెకు బస్సులో అరగంట కూడా పట్టదు. కాగితానికి ఏడాది పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు. ఇందులో ఏ గుమాస్తా సోమరితనమూ లేదు, దారే అలా వేశారు.

ఇలా ఉండకూడదనే 1992లో రాజ్యాంగానికి 73, 74 సవరణలు చేశారు. పంచాయతీలకు 29, పట్టణాలకు 18 విషయాలు అప్పగించవచ్చునని జాబితాలు రాశారు. వాటిని అందరూ ఉదహరిస్తారు గానీ, మన సంగతికి ముఖ్యమైనది 243జెడ్‌డి అధికరణం. ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళికా సంఘం ఉండాలి. సభ్యుల్లో అయిదింట నాలుగు వంతులు జిల్లా పంచాయతీ, పట్టణాల ఎన్నికైన సభ్యులలోనుంచే రావాలి. పల్లె జనాభా ఎంత, పట్టణ జనాభా ఎంత అన్న నిష్పత్తిలో రావాలి. పల్లెకూ పట్టణానికీ ఉమ్మడిగా ఉన్న సంగతులు, అంటే నేల వాడకం, నీళ్ళు పంచుకోవడం, రోడ్లు, పరిసరాల రక్షణ, ఇవన్నీ కలిపి జిల్లాకు ఒకే ప్లాను వేయాలి. ఇంత స్పష్టంగా రాసినది చదివితే ముచ్చటేస్తుంది.

మరి ఆ కుర్చీల్లో కూర్చోవలసినవాళ్ళు ఎక్కడ? కృష్ణగిరి జిల్లాలో 2019 డిసెంబరులో ఎన్నికైన గ్రామీణ సంస్థల గడువు 2025 జనవరితో ముగిసింది, ఆ తర్వాత ప్రత్యేకాధికారుల చేతికి వచ్చాయి. ఎల్లకు అటువైపు చూడండి. కర్ణాటకలో జిల్లా, తాలూకా పంచాయతీల గడువు 2021లోనే ముగిసింది, ఎన్నికలు ఏళ్ళ తరబడి వాయిదా. బెంగళూరు నగరానికి 2020 సెప్టెంబరుతో కార్పొరేటర్లు లేకుండా పోయారు. 2025లో ఆ ఒక్క పాలికెను అయిదు కార్పొరేషన్లుగా విడగొట్టారు. అంటే ఈ ఏటికి పైనున్న నగరంలోనూ, కిందనున్న పల్లెల్లోనూ ఒకే సమయంలో ఎన్నికైన మనిషి లేడు. ఎన్నికల్ని ఆలస్యం చేయడంలో మాత్రం రెండు రాష్ట్రాలూ కలిసి ప్లాను వేసుకున్నట్టే ఉంది!

ఈలోగా పెరుగుదల ఎవరికోసమూ ఆగలేదు. హోసూరు 2019లో కార్పొరేషన్ అయింది. సిప్‌కాట్ వచ్చిన 1970ల నాటి ఊరు కాదిది. దెంకణికోట దారిలో ఫోన్ విడిభాగాల కార్ఖానా, దాని చుట్టూ హాస్టళ్ళు, హాస్టళ్ళ చుట్టూ లేఔట్లు. 2024 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం 2,000 ఎకరాల్లో విమానాశ్రయం ప్రకటించింది. ఇటువైపు హోసూరు నూతన పట్టణాభివృద్ధి సంస్థ తన మ్యాపు గీస్తుంది, అటువైపు ఆనేకల్ ప్రణాళికా సంస్థ తన మ్యాపు గీస్తుంది. రెండు మ్యాపులూ రాష్ట్రం గీత దగ్గర ఆగిపోతాయి, గీతకు అవతల తెల్లకాగితం. ఆ తెల్లకాగితం మీదనే మన మురుగు పోతుంది, మన లారీలు పోతాయి, మన పిల్లలు ఉద్యోగానికి పోతారు.

మెట్రో సంగతే తీసుకోండి. 2025 ఆగస్టులో బెంగళూరు పసుపు లైను బొమ్మసంద్ర దాకా వచ్చింది. అక్కడినుంచి హోసూరుకు ఇరవై కిలోమీటర్ల చిల్లర. పొడిగించాలని తమిళనాడు తరఫున చెన్నై మెట్రో సంస్థ పరిశీలన చేయించింది. బెంగళూరు మెట్రో 750 వోల్టుల డీసీ కరెంటు మీద, పట్టాల ప్రక్కనే మూడో కమ్మీ పెట్టి నడుస్తుంది. చెన్నై పద్ధతి తలపైన తీగ, 25,000 వోల్టుల ఏసీ. రెండూ పొసగవని బెంగళూరు వైపునుంచి జవాబు వచ్చింది. ఇంజనీర్లు చెప్పింది సరే. మొదటి రోజునే రెండు రాష్ట్రాల వాళ్ళు ఒకచోట కూర్చుని ఉంటే ఈ మాట చివర్లో బయటపడేది కాదు కదా అని మా అభిప్రాయం.

కలిసి చేయడం అసాధ్యమని ఎవరైనా అంటే ఒప్పుకోలేము. దొబ్బాసుపేట, దొడ్డబళ్ళాపుర, హోసకోట, హోసూరు, కనకపుర చుట్టి వచ్చే ఉపనగరాల వలయ రహదారి సుమారు 280 కిలోమీటర్లు, అందులో కొంత తమిళనాట ఉంది. కేంద్రం పూనుకుంది, రోడ్డు గీత దాటింది. ఢిల్లీ చుట్టూ అయితే 1985లోనే పార్లమెంటు చట్టం చేసి జాతీయ రాజధాని ప్రాంత ప్రణాళికా మండలి పెట్టింది. హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ శాసనసభలు ముందుగా ఒప్పుకుని తీర్మానాలు చేశాకనే ఆ చట్టం వచ్చింది. అది పెట్టినంత మాత్రాన యమున శుభ్రపడలేదన్నదీ నిజమే. అయినా నాలుగు రాష్ట్రాల భూమిని ఒకే మ్యాపు మీద చూసే ఆఫీసంటూ ఒకటుంది. బెంగళూరు, హోసూరులకు అదీ లేదు.

దగ్గరి ఉదాహరణ హొగెనకల్ తాగునీటి పథకం. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై పళ్ళు గారపట్టిపోయేవి, ఎముకలు వంగేవి. జపాన్ అప్పుతో కట్టిన ఈ పథకం 2013లో మొదలయింది. కావేరి నీటిని రెండు జిల్లాల పట్టణాలకూ పల్లెలకూ ఒకే గొట్టపు వరుసతో అందించారు. ఏ ఊరికి ఆ ఊరు బోరు వేసుకుంటూ ఉంటే ఆ పని జరిగేదా? అయితే హోసూరు పెరిగిన వేగానికి ఆ నీళ్ళు చాలడం లేదు, రెండో దశ మాట నడుస్తోంది. ఇప్పుడు పుట్టుకొస్తున్న లేఔట్లను లెక్కలో పెట్టుకోకపోతే రెండో దశా చాలదు.

కోలారు వైపు మనవాళ్ళకు ఇంకో అనుభవం. కోరమంగల, చల్లఘట్ట లోయల మురుగును శుద్ధిచేసి కోలారు జిల్లా చెరువులకు పంపే పథకం 2018లో మొదలయింది. ఎండిన చెరువుల్లో నీళ్ళు కనబడ్డాయి, బావులు ఊరాయి, రైతులు సంతోషించారు. రెండో దశ శుద్ధితోనే పంపుతున్నారు, మూడో దశ కావాలన్న పోరాటమూ అక్కడి రైతులదే. కోలారుకు నీళ్ళు వద్దని ఎవరంటారు? కానీ అది ఒక రాష్ట్రం తన జిల్లాల మధ్య వేసుకున్న లెక్క. అదే లోయ కిందనున్న బాగలూరు ఆ లెక్కలో రాదు. రెండు చోట్లా పొలం గట్టున నిలబడింది తెలుగు మాట్లాడే రైతే.

ఏనుగులు మనకంటే నయం, వాటికి గీతలు తెలియవు. 1980లలో హోసూరు, ధర్మపురి అడవులనుంచి కొన్ని మందలు కుప్పం, పలమనేరు వైపు పోయి అక్కడే నిలిచిపోయాయి. వాటి కారణంగా 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం పంటల మీదపడే ఏనుగులను తరిమేందుకు శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. మంచి పనే. ఆ ఒప్పందం కుదిరింది మంత్రుల స్థాయిలో. వేపనపల్లి దాటి మంద కదిలిందని కుప్పం ప్రక్క పల్లెకు ఈ రాత్రి కబురు చేరాలంటే మాత్రం పంచాయతీలకు పంచాయతీలతో మాట ఉండాలి.

"మనది భాషా సంఘం, మురుగుతోను మెట్రోతోను మనకేం పని?" అని సమావేశాల్లో కొందరు పెద్దలు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. మా జవాబు ఇది. హోసూరు, సూలగిరి, బేరిక, తళి ప్రాంతాల్లో మన భాష నిలిచింది గుంపుగా ఉన్న ఊళ్ళవల్ల. ఏటి నీళ్ళు చెడితే పంట చెడుతుంది, పంట చెడితే కయ్యలు అమ్ముకుంటారు, కయ్య లేఔటు అవుతుంది, ఇంటివాళ్ళు తలా ఒక దిక్కు పోతారు. బడిలో తెలుగు చదివే పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గారని అయ్యవారి పోస్టు పోతుంది, అయ్యవారు లేరని మిగిలిన పిల్లలూ పోతారు. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలో రాష్ట్రాలనూ, స్థానిక సంస్థలనూ కూడా పేరుపెట్టి అడిగింది. స్థానిక సంస్థలని రాసి ఉన్న ఆ మాటను మన సంఘాలు ఎందుకో వాడుకోలేదు. కొత్త లేఔట్లకు అనుమతి ఇచ్చేటప్పుడు బడికి స్థలం ఎక్కడ, అందులో ఏ భాషల పిల్లలు వస్తారు అన్నది పట్టణ ప్లానులో రాయించవలసిన సంగతి. బడి మూతపడ్డాక మనవి ఇస్తే ఏమి లాభం?

ఒక్క మాట తేటగా చెప్పాలి. ఎల్లలు మార్చమని మేము అడగడం లేదు. 1956 నాటి వాదాలు మళ్ళీ తవ్వితే తమిళ, కన్నడ ఇరుగుపొరుగుతో ఇన్నేళ్ళ పొత్తు చెడుతుంది, ఏటిలో నురుగు మాత్రం ఒక్క బుడగ తగ్గదు. ఈ నీళ్ళు తాగే తమిళ రైతుకూ, సర్జాపుర కన్నడ రైతుకూ బాధ ఒకటే. అర్జీ మూడు భాషల్లో, ముగ్గురి సంతకాలతో పోతే దాని బరువు వేరు.

సభ్యులు లేని కుర్చీల కోసం కాచుకుని కూర్చోనక్కరలేదు కూడా. గ్రామసభకు గడువు తీరడమంటూ లేదు, ఓటున్న ప్రతివారూ అందులో సభ్యులే. తమిళనాట గ్రామసభ జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1, ఇలా ఏడాదికి ఆరు తేదీల్లో జరుగుతుంది. మార్చి 22 ప్రపంచ నీటి దినం, ఏటి సంగతి ఎత్తడానికి అంతకంటే మంచి తేదీ లేదు. పట్టణంలో ఉన్నవాళ్ళకు 2022 నిబంధనల కింద వార్డు కమిటీ, ఏరియా సభ ఉన్నాయి. చెప్పింది నోటిమాటగా వదిలేయకండి, తీర్మానం పుస్తకంలో రాయించి, కింద సంతకం చేసి, నకలు తీసుకోండి. రాయని తీర్మానానికి ఏ ఆఫీసులోనూ నంబరు పడదు, నంబరు పడని కాగితానికి జవాబు ఇవ్వవలసిన బాధ్యత ఎవరికీ ఉండదు.

బాగలూరు, బేరిక, హోసూరు ప్రక్క ఊళ్ళవాళ్ళు రాయించడానికి మా సంఘం రెండు అంశాలతో ఒక నమూనా తయారుచేసింది. ఏరు రాష్ట్రంలోకి వచ్చే చోట నీటి నాణ్యత ప్రతి నెలా కొలిచి, ఆ అంకెలు పంచాయతీ బోర్డు మీద రాయాలన్నది మొదటిది. హోసూరు, ఆనేకల్ ప్రణాళికా సంస్థలు తమ ముసాయిదా మ్యాపులను ఖాయం చేసే ముందు ఒకరికొకరు పంపుకుని అభ్యంతరాలు తీసుకోవాలన్నది రెండవది. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, రెండు ఆఫీసుల మధ్య ఒక తపాలు చాలు. ఆనేకల్, సర్జాపుర వైపునున్న తెలుగు సంఘాలు అదే నమూనాను కన్నడంలో తమ పంచాయతీలకు ఇస్తే రెండు వైపులా ఒకే పాఠం చేరుతుంది.

ఇంకొకటి, జనగణన. 2021లో జరగవలసినది ఇప్పుడు 2027 మార్చి 1వ తేదీని ఆధారంగా పెట్టుకుని జరుగుతుంది. మాతృభాష అడిగేది రెండో విడతలో, మనుషులను లెక్కించేటప్పుడు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, అడిగినవారికి తెలిసిన భాష చెప్పేయడం మనలో చాలామందికి అలవాటు. బడికైనా, అయ్యవారి పోస్టుకైనా, తెలుగులో నోటీసుకైనా పదేళ్ళపాటు అధికారులు తిరగేసేది ఆ అంకెనే. నమూనా తీర్మానం నకలు కావలసినవారు ఆదివారం ఉదయం సంఘం కార్యాలయానికి వచ్చి తీసుకోవచ్చు, తమిళం, కన్నడం ప్రతులు కూడా అక్కడే ఉంటాయి.