రామప్ప: శిల్పి పేరు మిగిలింది, కూలీల పేర్లేవి?

2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీదారులు రామప్ప గుడికి వచ్చినప్పుడు స్థానిక మహిళలతో వాళ్ల కాళ్లు కడిగించిన దృశ్యాలు వివాదమయ్యాయి. ‘అతిథి మర్యాద’ అని కొందరు సమర్థించారు, ఆత్మగౌరవం మాటేమిటని మరికొందరు నిలదీశారు. గొడవ సద్దుమణిగింది. కానీ ఈ వారసత్వంలో శ్రమ చేసేవాళ్ల స్థానం ఎక్కడ అన్న ప్రశ్న అలాగే ఉంది.

ములుగు జిల్లా పాలంపేటలోని ఈ రుద్రేశ్వరాలయాన్ని 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021 జులై 25న యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పునాది గుంతలో ఇసుక నింపి, దాని మీద నక్షత్రాకారపు అరుగు లేపారు. గోడలకు ఎర్ర ఇసుకరాయి, స్తంభాలకూ మదనికలకూ నల్ల డోలరైట్ వాడారు. శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు పేర్చారు. మట్టి, రాయి, నిప్పు గుణం తెలియనివాళ్లకు ఇది సాధ్యం కాదు. ఇది చేతిపనివాళ్ల విజ్ఞానం.

శిల్పి రామప్ప పేరే గుడికి వచ్చిందని జనం చెప్పుకుంటారు. దేవుడి పేరునూ, కట్టించినవాడి పేరునూ దాటి పనివాడి పేరు నిలవడం అరుదే. అయితే శాసనం పొగిడింది రాజునూ సేనానినీ. రాయి మోసినవాళ్లు, ఇటుక కాల్చినవాళ్లు అందులో లేరు. కొన్ని శాసనాలు కాకతీయులను నాలుగో వర్ణంవారిగా చెబుతాయి. ఆ మాట చూపి అది కుల వివక్ష లేని రాజ్యమనే వాదన తెస్తుంటారు. శూద్రులు రాజులైనంత మాత్రాన ఊరి బయట ఉన్నవాళ్లు ఊళ్లోకి రాలేదు.

గుడి పక్కనే రామప్ప చెరువు ఉంది. కాకతీయుల కాలంలో గుడి, చెరువు జంటగా వెలిశాయి. చెరువు కింది పంటే గుడిని పోషించింది. తెలంగాణ పల్లెల్లో తూము ఎత్తి పొలాలకు నీళ్లు పారించే నీరటి పని తరతరాలుగా ఎక్కువగా దళితులదే. ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు కావాలో వాళ్లకు తెలుసు. ఆ తెలివిని ‘ఇంజినీరింగ్’ అని ఎవరూ అనలేదు, వెట్టి అన్నారు.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం గుడిలోకి రానివ్వకపోవడాన్ని శిక్షార్హం చేసింది. గడప దాటే హక్కు దక్కింది సరే, చరిత్రలో చోటు ఇంకా దక్కలేదు. రామప్ప దగ్గర పర్యాటకులకు చెప్పే కథలో రాతిపని, ఇటుకపని, చెరువుపని చేసిన కులాల శ్రమ భాగం కావాలి. పాఠ్యపుస్తకాల్లో నీరటి పేరు రావాలి. వారసత్వం పేరుతో వచ్చే ఉద్యోగాల్లో, ఆదాయంలో ఆ ఊళ్ల దళిత, ఆదివాసీ, బహుజన యువతకు వాటా ఉండాలి. వారసత్వమంటే వాళ్లు కాళ్లు కడగడం కాదు, లెక్కలో నిలబడటం.