ప్రచారం ఒకరిది, కాపలా మరొకరిది: మన కట్టడాలకు బాధ్యులెవరు?

గోల్కొండ గోడపై చెట్టు మొలిచిందనుకోండి. ఎవరికి చెప్పాలి? చాలామంది పర్యాటక శాఖకే ఫోన్ చేస్తారు. కానీ అది వాళ్ల పని కాదు.

పర్యాటక సంస్థ ఏం చేస్తుంది?
సిటీ టూర్ బస్సులు, హరిత హోటళ్లు, హుస్సేన్‌సాగర్ బోట్లు నడుపుతుంది. గోల్కొండలో సాయంత్రం జరిగే సౌండ్ అండ్ లైట్ షో కూడా పర్యాటక శాఖదే.

మరి కాపాడేదెవరు?
గోల్కొండ, చార్మినార్, 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప ఆలయం కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. కుతుబ్‌షాహీ సమాధులు రాష్ట్ర వారసత్వ శాఖవి. అక్కడ మరమ్మతులకు 2013లో ఆగాఖాన్ ట్రస్టుతో ఒప్పందం కుదిరింది.

రెండింటి కిందా లేకపోతే?
అసలు చిక్కు ఇక్కడే. యూసుఫ్‌గూడలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రెడ్ లైన్‌కు మారితే రెండో స్టేషన్ ఎర్రమంజిల్. ఆ పేరు అక్కడున్న నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ ప్యాలెస్‌ది. కొత్త అసెంబ్లీ కోసం దాన్ని కూల్చాలని 2019లో ప్రభుత్వం నిర్ణయించింది. నవాబు వారసులు, నగరవాసులు కోర్టుకెక్కారు. సెప్టెంబరు 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. పాత హుడా వారసత్వ జాబితాలో పేరుండటమే అక్కడ అక్కరకొచ్చింది.

మీరేం చేయొచ్చు?
గేటు దగ్గర బోర్డుపై ఏ శాఖ పేరుందో చూసి, ఆ శాఖకే ఫిర్యాదు చేయండి. బోర్డు లేని పాత భవనం మీ వీధిలో ఉంటే, అది ఏ జాబితాలో ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. కూల్చే యంత్రం వచ్చాక అడిగితే ఆలస్యమైపోతుంది.