తాటాకు చల్లన, శ్లాబు గౌరవం

మన హాస్టల్లో ఏప్రిల్ రాత్రులు గుర్తున్నాయా? పగలంతా శ్లాబు మింగిన ఎండ రాత్రి మన మీద దిగేది. ట్రంకు పెట్టెలు గదిలోనే వదిలేసి, చాపలతో వరండాలోకి పరిగెత్తేవాళ్ళం. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాళ్ళం మేమే. ఇప్పుడు ఆర్కిటెక్చర్‌లో పీజీ చదువుతున్నాం. ఆ ఉక్క మన ఖర్మ కాదనీ, ప్లాను గీసినవాళ్ళ లోపమనీ ఇక్కడికొచ్చాకే తెలిసింది.

గ్రీన్ బిల్డింగ్ పాఠంలో హైదరాబాద్‌లో 2004లో ప్రారంభమైన సి.ఐ.ఐ. గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను చూపిస్తారు. అమెరికా బయట ప్లాటినం రేటింగ్ దక్కిన తొలి భవనం అది. గొప్పదే. కానీ మాకు కొల్లేరు ఒడ్డున అమ్మమ్మ చుట్టిల్లు గుర్తొచ్చింది. గుండ్రటి మట్టిగోడ, నడుం ఎత్తు దాకా దిగిన తాటాకు కప్పు. మూలల్లేని ఇల్లు కాబట్టి తుఫాను గాలి పక్కకు జారిపోతుంది. గోడకు ఎండే తగలదు.

సెలవుల్లో ఈ మాట అమ్మతో అన్నాం. అమ్మ నవ్వలేదు. "ఆకు మళ్ళీ మళ్ళీ నేయించే డబ్బు ఎవరిస్తారు? నిప్పురవ్వ పడితే ఎవరు ఆర్పుతారు? మన పేటలో శ్లాబు పడ్డాకే మనల్ని మనుషుల్లా చూశారు" అంది. మాకు నోట మాట రాలేదు. గుడిసెను పొగిడేవాళ్ళలో చాలామంది అందులో ఒక్క వానాకాలమైనా గడపలేదు. (ఈ వ్యాసం మొదట మేమూ అలాగే రాసి చించేశాం.)

పేదవాడికి శ్లాబు వద్దనే హక్కు ఎవరికీ లేదు. చుట్టిల్లు తెలివిని శ్లాబింట్లోకి తేవాలన్నదే మా వాదన. ఇంగ్లండులో పుట్టి తిరువనంతపురంలో స్థిరపడి 2007లో కన్నుమూసిన లారీ బేకర్ ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలి గోడలు కట్టించారు. దాదాపు నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, ఖాళీలోని గాలి వేడిని ఆపుతుంది. శ్లాబు అడుగున పెంకులు ఇరికించి కాంక్రీటూ తగ్గించారు. మనం డాబా మీద తెల్లసున్నం కొట్టినా కొంత ఎండ వెనక్కి పోతుంది.

ఇక నీళ్ళు. బుడమేరు, తమ్మిలేరు కొల్లేట్లో కలుస్తాయి. ఆ నీరు సముద్రానికి పోవడానికి ఉన్నది ఉప్పుటేరు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు ఆ తర్వాత వచ్చింది మా లంకల మీదకే. అయినా మేము చూసిన కాలనీల్లో తాడేపల్లిగూడెం పైన మెట్ట ఊళ్ళకూ, మా లంకలకూ ఒకటే ప్లాను, ఒకటే బేస్‌మెంట్ ఎత్తు. మా తాతలు ముందు దిబ్బ పోసి, ఆ పైన ఇల్లు వేసేవారు.

మన హాస్టల్ మీద కొత్త గదులు వేస్తారంటున్నారు. ప్లాను ఖరారు కాకముందే మనకు చూపించమని వార్షికోత్సవం రోజున అర్జీ ఇద్దాం. పూర్వ విద్యార్థుల్లో ఇంజినీర్లున్నారు, తాపీ పని తెలిసినవాళ్ళున్నారు, అందరూ సంతకం పెట్టాలి. ఏ గదిలో ఎంత వేడో, ఏ కిటికీకి ఎదురు కిటికీ లేదో కొలతలు మేము తీస్తాం. టేపు రెండో చివర పట్టుకోవడానికి టెన్త్ తమ్ముళ్ళు ఇద్దరొస్తే చాలు.