పెట్టె చేసేవారి ఇల్లు



మా వదినగారి వియ్యంకుడు అమెరికాలో కూతురి దగ్గర ఉండగా ప్రభువునందు నిద్రించారు. కబురు తెల్లవారుజామున వచ్చింది. వదినగారు కావలిలో ఉంటారు. మేము వెళ్ళేసరికి ఆమె కొడుకుతో ఫోనులో మాట్లాడుతున్నారు. "మామగారిని ఇంటికి ఎప్పుడు తెస్తారు నాయనా?" అని ఆమె అడగటం, "ఇంటికి తేరమ్మా, ఫ్యునరల్ హోములో ఉంచారు, శనివారం మేమే అక్కడికి వెళ్ళి చూడాలి" అని అతను చెప్పటం. ఫోను పెట్టేశాక ఆమె మా వైపు తిరిగి, "సొంత ఇల్లు పెట్టుకొని హోములో ఉంచడమేమిటి? ఆయనేమన్నా దిక్కులేనివాడా?" అని ఏడ్చారు. మన మిషను ఊళ్ళలో హోము అంటే అనాథ పిల్లలదో, వృద్ధులదో గదా. చచ్చినవారికి హోము ఉంటుందని ఆమెకెలా తెలుస్తుంది? నాకూ సరిగా తెలియదు. తెలుసుకున్నంత ఈ నెల మీతో చెప్పుకుంటాను.

రెండువందల ఏళ్ళ క్రిందట అమెరికా పల్లెల్లో కూడా చావు ఇంట్లోనే జరిగేది. ఇరుగు పొరుగు ఆడవారు వచ్చి శరీరాన్ని కడిగి, బట్టలు తొడిగి, ముందు గదిలో పడుకోబెట్టేవారు. ఊళ్ళో బల్లలూ కుర్చీలూ చేసే వడ్రంగే పెట్టె చేసి ఇచ్చేవాడు. ఆ వడ్రంగే కొంతకాలానికి గుర్రపుబండి కూడా తానే కుదిర్చి, ఆ తరువాత సమాధి దగ్గర పనంతా తన మీదే వేసుకున్నాడు. ముందు వైపు ఫర్నిచరు కొట్టు, వెనుక వైపు శవపేటికలు. నేటికీ అక్కడి పాత ఊళ్ళలో కొన్ని ఫ్యునరల్ హోముల పుట్టుక ఏదో ఒక ఫర్నిచరు కొట్టు దగ్గరకే వెళ్తుంది.

దాని దారి మళ్ళించింది 1861లో మొదలైన అంతర్యుద్ధం. ఎక్కడో దక్షిణాన పడిపోయిన కుమారుని శరీరాన్ని ఉత్తరాన ఉన్న తల్లికి చేర్చాలంటే రైల్లో ఎన్నో దినాలు పడుతుంది. కుళ్ళిపోకుండా నరాలలోనికి మందు ఎక్కించే పద్ధతి అప్పుడే అక్కడ పాకింది. ఆ మందుల్లో పాషాణం కూడా కలిపేవారట. 1865 ఏప్రిల్‌లో అధ్యక్షుడు లింకను హతుడైనప్పుడు ఆయన శరీరాన్ని అలాగే భద్రపరచి, వాషింగ్టన్ నుండి స్ప్రింగ్‌ఫీల్డ్ వరకు సుమారు 1,650 మైళ్ళు రైల్లో తీసుకువెళ్ళారు. మే 4న సమాధి చేశారు. దారి పొడుగునా లక్షల మంది చూశారు. పోయినవారి ముఖం అన్ని దినాల తరువాత కూడా చూడవచ్చునని జనానికి తెలిసింది. అలా తెలిసిన తరువాత ఎవరు వద్దంటారు? అయితే మందు ఎక్కించే పని వంటింటి బల్ల మీద అయ్యేది కాదు. పెట్టె చేసే కుటుంబం ఒక పెద్ద ఇల్లు కొని, క్రింద చావు పనులకు గదులు వదిలి, మేడ మీద తాము కాపురం ఉండటం మొదలుపెట్టింది. హోము అనే మాట అక్కడిది. రాత్రి రెండు గంటలకు ఫోను మ్రోగితే తండ్రి లేచి వెళ్ళేవాడు, తల్లి లెక్కలు రాసేది, పిల్లలు క్రింద జనం ఉన్నప్పుడు అడుగుల చప్పుడు కాకుండా నడవటం నేర్చుకునేవారు.

తరువాతి సంగతి డబ్బు సంగతి. ఏడుస్తున్నవాడు బేరమాడడు. అది కనిపెట్టి కొందరు అవసరం లేనివన్నీ అంటగట్టసాగారు. 1963లో జెస్సికా మిట్‌ఫర్డ్ అనే రచయిత్రి ఈ వ్యాపారాన్ని దుమ్మెత్తిపోస్తూ పుస్తకం వ్రాస్తే దేశమంతా గగ్గోలు పుట్టింది. 1984 నుండి అక్కడ ఒక నియమం అమలులోనికి వచ్చింది. ప్రతి వస్తువు వెల, ప్రతి పని వెల విడివిడిగా వ్రాసి చూపాలి, ఫోనులో అడిగినా చెప్పాలి. మరో ప్రక్క, హ్యూస్టన్‌లో తండ్రి నడిపిన హోమును అందుకున్న ఒక కుమారుడు 1962లో కంపెనీ పెట్టి, ఊరూరా అలాంటి కుటుంబాల హోములను కొనుక్కుంటూ పోయాడు. నేడు ఆ కంపెనీ చేతిలో వెయ్యికి పైగా హోములున్నాయి. చాలాచోట్ల బోర్డు మీద పాత కుటుంబం పేరే ఉంటుంది. అయినా ఆ దేశంలో నేటికీ ఎక్కువ హోములు కుటుంబాలవేనంటారు.

ఇక మన సముద్రపు ఒడ్డున ఈ ముచ్చట ఎక్కడిది? మన ఎండకు ఉదయం పోయినవారిని సాయంత్రానికి మట్టికి అప్పగించాలి. పాడె కట్టడానికి సర్వి కర్రలు, రెండు తాటాకులు, ఒక చాప, అంతే. యెహోవా భక్తులకు కూడా పెట్టె లేదు. నాయీనులో విధవరాలి కుమారుణ్ణి మోసుకువస్తున్నది పాడె మీదనే. పరిశుద్ధ గ్రంథంలో పెట్టెలో ఉంచబడినట్టు చెప్పినది యోసేపును, అదీ ఐగుప్తులో, ఐగుప్తీయుల ఆచారం చొప్పున. యాకోబు శరీరానికి సుగంధ ద్రవ్యాలు పట్టించడానికి నలువది దినాలు పట్టిందని ఉంది గాని, అదీ ఆ దేశపు వైద్యుల పనే. కాబట్టి పెట్టె లేకుండా పూడ్చితే భక్తి తక్కువైనట్టు మాట్లాడేవారికి ఈ సంగతి నెమ్మదిగా చెప్పవచ్చు.

పెట్టె మనకు సముద్రం మీద నుండి వచ్చింది. నెల్లూరు తీరానికి దక్షిణాన, పులికాట్ సరస్సు దగ్గర, డచ్చివారి సమాధుల దొడ్డి ఉంది. 1613లో కోట కట్టుకున్నవారు వారు. ఆ దొడ్డి ముఖద్వారం దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు రెండు నిలబడి ఉంటాయి. ధనవంతులైన వర్తకులు చావు మాటను దాచకుండా గుమ్మంలోనే నిలబెట్టుకున్నారు! ఆ పిమ్మట 1840లో శామ్యూల్ డే దొరగారు నెల్లూరుకు వచ్చి మిషను పెట్టారు. 1849లో జ్యూయెట్ దొరగారు వచ్చారు. సంఘం చాలాకాలం గుప్పెడు మందే. దొరల సమాధులు చూసి, వారి కూడికలు చూసి, మనవారు కూడా పెట్టె కోరుకున్నారు. ఆ కోరికలో గొప్ప చూపించుకోవడం లేకపోలేదు. కాని దాని వెనుక ఇంకొకటి ఉంది. మన పెద్దలలో చాలామంది తరతరాలుగా ఊరి చావులకు వెట్టి చేసినవారు. చావు కబురు మోయడం, గుంట తవ్వడం, డప్పు కొట్టడం, చచ్చిన గొడ్డును లాగడం, అన్నీ వారి నెత్తినే. అంతమంది చావులకు చాకిరీ చేసినవారికి తమ చావు వచ్చినప్పుడు పాత చాప తప్ప మరేమీ లేదు. అలాంటివాడు తన తండ్రిని తెల్లగుడ్డ పరచిన పెట్టెలో పడుకోబెట్టాలనుకుంటే, నేనైతే ఆడంబరమని అనలేను.

1876 నుండి 1878 వరకు వచ్చిన కరవులో మాత్రం పెట్టె మాట ఎవరూ ఎత్తి ఉండరు. అప్పట్లో ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనిదే. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని తీసుకొని వేలమందికి కూలి ఇప్పించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగిన సంగతి మన సండేస్కూలు పిల్లలందరికీ తెలుసు. దానికి ముందు రెండేళ్ళు ఆకలికీ కలరాకూ రాలినవారు ఏ ఇసుకలో ఉన్నారో వారి లెక్క మనకు ఎవరూ నేర్పలేదు. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడూ అంతే. ఒక్కొక్కరికి ఒక్కొక్క గుంట కూడా తవ్వలేకపోయారు.

నా చిన్నతనంలో మా ప్రాంతంలో పెట్టెలు చేసే ఇల్లు ఒకటే ఉండేది. వారి పేరు ఇక్కడ వేయను. తాత మిషను దగ్గర వడ్రంగం నేర్చుకున్నాడు. తరువాత తండ్రి, తరువాత కొడుకు. వీధి వైపు వసారాలో నాగళ్ళు, మంచాలు, బడి బల్లలు. పెరటిలో, తాటాకుల చాటున, ఆ పని. చావు జరిగిన ఇంటి నుండి ఒక పిల్లవాడు నూలు దారం తెచ్చేవాడు. తల నుండి పాదం దాకా ఒక ముడి, భుజానికి భుజానికి ఒక ముడి. ఆ దారమే ఆర్డరు. ఏ రాత్రి వచ్చినా పెట్రోమాక్సు వెలిగించి మామిడి చెక్కకు చిత్రిక పట్టేవాడు. సందులు కారకుండా గుగ్గిలం కాచి పూసేవాడు. భార్య లోపలి గుడ్డ కుట్టి, మూత మీద జరీ కాగితంతో సిలువ అంటించేది. చిన్నబిడ్డల పెట్టెకు మాత్రం డబ్బు పుచ్చుకునేవారు కాదు. పెద్దవారి పెట్టెకూ ముందుగా ధర చెప్పడం లేదు. పంట వచ్చాక ఇచ్చినవారు ఇచ్చారు, ఇవ్వనివారిని అడగటానికి వెళ్ళలేదు.

మన తీరంలో అది తేలిక పని కాదు. కార్తె వానల్లో రెండడుగులు తవ్వితే నీరు ఊరుతుంది, ఇసుక గోడ కూలుతుంది, పెట్టె పైకి తేలుతుంది. గుంటకు ఆనింపుగా పెట్టడానికి నాలుగు చెక్కలు కూడా ఆయనే మోసుకు వెళ్ళేవాడు.

ఇప్పుడు చెప్పవలసిన మాట ఒకటి ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ కుటుంబాన్ని ఎవరూ పెండ్లికి పిలిచేవారు కాదు. పొద్దున్నే ఆయన ఎదురైతే మా వీధివారు, ఆదివారం బల్ల తీసుకునేవారు కూడా, రెండు నిమిషాలు ఆగి నడిచేవారు. గుడిలో ఆయన ప్రక్కన కూర్చునేవారు, ఇంటికి వస్తే మాత్రం వసారాలోనే మాట్లాడి పంపేవారు. మా ఇంట్లోనూ అంతే. మా అక్క పెండ్లికి శుభలేఖల పట్టీ రాసింది నేనే. ఆయన పేరు రాస్తే మా అమ్మ చూసి, "వద్దులే, వచ్చినవాళ్ళు ఏమన్నా అనుకుంటారు" అన్నది. నేను కొట్టివేశాను. ఊరి చావులకు వెట్టి చేశారని మనల్ని దూరం పెట్టిన పద్ధతే, మన చావులకు పని చేసినవాడి మీద మనం పెట్టాం. మా నాన్నగారి పెట్టె కూడా ఆయనే చేశాడు. డబ్బు ఇవ్వబోతే మా నాన్న తనకు చదువు చెప్పిన బాకీ ఉందని తీసుకోలేదు.

ఆయన కొడుకు ఈ పని మానేశాడు. పిల్లను ఇచ్చేవారు లేరని. రొయ్యల చెరువుల కాలంలో పడవలకూ ఐసు పెట్టెలకూ చెక్కపని బాగా దొరికింది, అటు వెళ్ళాడు. నేను తప్పు పట్టను.

ఈనాడు పట్టణాల్లో పెద్ద ఆస్పత్రుల దరిదాపుల్లో పెట్టెల కొట్లున్నాయి. ప్లైవుడ్డు, ఇత్తడి రంగు పిడులు, లోపల నైలాను గుడ్డ. ఐసు గడ్డలూ రంపపు పొట్టూ పోయి, అద్దె ఫ్రీజరు పెట్టె వచ్చింది. దూరాన ఉన్న బిడ్డలు వచ్చేదాకా ఆగటానికి అది నిజంగా మేలే. కాని ధర? మా అమ్మ పోయినప్పుడు ఒక కొట్టులో ఉదయం ఒక ధర చెప్పి, మా తమ్ముడు కారులో దిగేసరికి మరో ధర చెప్పారు. అక్కడే మా అన్నదమ్ములిద్దరికీ మాట పెరిగింది. అమ్మ పెట్టెకు బేరమేమిటని వాడు, అప్పు తీర్చేది ఎవరని నేను. ఆ మాటలు ఇప్పటికీ మా మధ్య కొంచెం ఉన్నాయి. శారాను పాతిపెట్టడానికి అబ్రాహాము ఎఫ్రోను పొలం కొన్నప్పుడు, ఊరివారందరి ఎదుట నాలుగువందల తులాల వెండి తూచి ఇచ్చాడు. ధర నలుగురి ముందు తేలింది గనుక తరువాత తగవు లేదు. మాకు ఆపాటి తెలివి లేకపోయింది. ఇంట్లో ఒకరిని, వీలైతే ఏడుపులో లేని బంధువును, వెల అడిగి కాగితం మీద వ్రాయించుకొని రమ్మనండి. ఆస్పత్రి దగ్గరి మొదటి కొట్టులోనే తీసుకోనక్కరలేదు. మరణాన్ని 21 దినాల లోపల నమోదు చేయించండి, అప్పుడు ఆలస్య రుసుము ఉండదు. పింఛనుకూ పొలానికీ బ్యాంకుకూ ఆ కాగితమే కావాలి. పై దేశంలో పోయినవారిని ఇక్కడికి తేవాలంటే మరణ ధ్రువపత్రం, శరీరానికి మందు ఎక్కించినట్టు పత్రం, రద్దు చేసిన పాస్‌పోర్టు, మన రాయబార కార్యాలయపు అనుమతి ఉండాలి. ఈ పనుల్లో చాలావరకు అక్కడ చూసిపెట్టేది ఆ ఫ్యునరల్ హోమే.

2020, 2021 సంవత్సరాల్లో కరోనా వచ్చినప్పుడు పెట్టె మూత తీసి ముఖం చూసే భాగ్యం కూడా చాలామందికి లేకపోయింది. సొంతవారు దూరాన నిలబడితే, ఎవరో పరాయి కుర్రవాళ్ళు సంచిలో చుట్టిన శరీరాన్ని దించారు. వారిలో ఎందరిని మనం ఆ తరువాత ఇంటికి పిలిచాం?

వదినగారి వియ్యంకుణ్ణి అక్కడే సమాధి చేశారు. ఆ శనివారం రాత్రి మేమంతా కావలిలో ఆమె ఇంట్లో కూర్చుని ఫోనులో చూశాం. హోము నిజంగా ఇల్లులాగే ఉంది. గోడకు గడియారం, కిటికీలకు తెరలు, మూలన దీపం. వియ్యంకుడు కోటు తొడుక్కొని నిద్రపోతున్నట్టున్నారు. ఆయన తలపాగా లేకుండా కోటులో ఉండటం వదినగారికి కొంచెం కొత్తగా అనిపించింది గాని, ఊరుకున్నారు. నల్ల కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చినవారికి తలుపు తీస్తూ, ముసలివారికి చెయ్యి అందిస్తూ తిరుగుతున్నాడు. ఎవరాయన అని అడిగారు వదినగారు. హోము ఆయనదేనని, తాత బల్లలు చేసేవాడని, ఆ కుటుంబంలో ఈయన మూడో తరమని, మేడ మీదే ఉంటారని కొడుకు చెప్పాడు.

ఆమె కాసేపు చూస్తూ ఉండి, "భోజనాలు ఎక్కడ పెడుతున్నారు నాయనా?" అన్నారు.

"మా చర్చి హాల్లో అమ్మా."

"ఆయన్ని పిలిచారా?"

అవతల కొడుకు ఏమీ అనలేదు. ఫోను ఎవరి చేతికో ఇచ్చి, ఆ నల్లకోటు మనిషి వైపు నడవడం మాకు కనిపించింది.